ఆగకుండా తీసిన కొలత

చలపతిరావుగారి మెడలో వేలాడే గుర్తింపు కార్డు మీద 'డొమైన్ గురు' అని ఉంటుంది. అందులో మొదటి మాటకు అర్థం ఆయన భార్య పుణ్యవతికి ఇప్పటికీ తెలియదు. రెండో మాటను ఆవిడ ఒప్పుకోదు. గోదావరి ఒడ్డున గ్యాస్ బావుల దగ్గర ముప్పై నాలుగేళ్లు ఎండలో నిలబడి, ఏ బావి ఎంత గ్యాస్ ఇవ్వగలదో కొలిచి చెప్పే ఉద్యోగం చేసి రిటైరయిన మనిషి ఆయన. ఆ తర్వాత కొండాపూర్ ఫ్లాటులో ఆరు నెలలు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, నీళ్ల ట్యాంకరు ఎందుకు ఆలస్యమైందని వాచ్‌మన్‌తో తగువు పడుతూ గడిపాడు. అప్పుడు హైటెక్ సిటీలోని వెల్‌సూత్ర అనే కంపెనీ ఆయన్ని వెతుక్కుంటూ వచ్చి, తొమ్మిదో అంతస్తులో కుర్చీ వేసి కూర్చోబెట్టింది. చిక్కుడుకాయలు పుణ్యవతికే మిగిలాయి.

ఎక్కడో సముద్రాల అవతల ఉన్న గ్యాస్ బావుల నుంచి అంకెలు గంటగంటకూ ఈ ఆఫీసుకు వచ్చి పడుతుంటాయి. వాటిని సాఫ్ట్‌వేర్‌లో వేసి, ఫలానా బావి సామర్థ్యం ఇంత అని తేల్చి చెప్పడం కంపెనీ పని. ఒక్కో లెక్కను ఒక్కో టికెట్ అంటారు. లెక్క తేల్చేస్తే టికెట్ మూసినట్టు. ఈ పని చేసే పద్దెనిమిది మందిలో గ్యాస్ బావిని కళ్లతో చూసినవాళ్లు ఒక్కరూ లేరు. మంచినీళ్ల బావి చూసినవాళ్లు మాత్రం ముగ్గురున్నారట. అందుకని వాళ్లకు పాఠం చెప్పడం, చివర రిపోర్టు మీద సంతకం పెట్టడం చలపతిరావుగారి పని. తన సంతకం ఉన్న రిపోర్టు ముప్పై నాలుగేళ్లలో ఒక్కటి కూడా వెనక్కి రాలేదని ఆయన వారానికి కనీసం రెండుసార్లు చెబుతాడు. అది నిజమే కనక ఎవరూ ఏమీ అనరు.

ఆ రోజు కూడా పాఠమే చెబుతున్నాడు.

"బావిని ఒకేసారి బార్లా తెరిచి ఎంత వస్తుందో చూద్దామంటే కుదరదమ్మా. బావి పాడవుతుంది, పక్కన మనమూ మిగలం. అందుకని వాల్వు కొంచెం తెరుస్తాం. లోపల ఒత్తిడి తగ్గడం మొదలెడుతుంది. తగ్గి తగ్గి ఒకచోట నిలబడుతుంది. అప్పటిదాకా ఆగాలి. నిలబడ్డాకే అంకె రాసుకోవాలి. ఇంకొంచెం తెరవాలి, మళ్లీ ఆగాలి. ఇలా నాలుగుసార్లు."

"ఎంతసేపు ఆగాలండీ?" అని ఉమాశ్రీ అడిగింది. హఫీజ్‌పేట్ నుంచి లోకల్ రైల్లో వచ్చే అమ్మాయి. ఊరు సామర్లకోట. పాఠాన్ని నోటుపుస్తకంలో రాసుకునేది ఆమె ఒక్కతే.

"గట్టి రాయిలో ఉన్న బావి అయితే రోజులు పట్టొచ్చు. ఆ సంగతి బావికే తెలియాలి. మనకు తొందరగా ఉందని దానికెలా తెలుస్తుంది? ముందే రాసేసుకుంటే ఒత్తిడి ఇంకా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, బావి బ్రహ్మాండం అనుకుంటాం. పైపు వేసుకున్నాక ఏడుస్తాం."

సరిగ్గా ఈ ఆగడం సంగతి మొదలైనప్పుడే, ఆ పద్దెనిమిది మంది మీదా అధికారి అయిన డెలివరీ మేనేజర్ ఉదయ్ భాస్కర్‌కు ఫోను వచ్చింది. ఆయన లేచి బయటికి వెళ్లాడు. మళ్లీ లోపలికి వచ్చేసరికి పాఠం చివరికొచ్చింది.

"ఆ నాలుగు చుక్కలూ కలిపి గీత గీసి ముందుకు పొడిగిస్తే, అడ్డుపడే ఒత్తిడి అసలు లేకపోతే బావి ఎంత ఇస్తుందో తెలుస్తుంది. దాన్నే ఓపెన్ ఫ్లో అంటాం. ఏ బావీ అంత ఇవ్వదు, ఇవ్వమని అడక్కూడదు కూడా. అది కొలత, అంతే."

ఉదయ్ భాస్కర్ ఇందులో 'అడ్డుపడే ఒత్తిడి అసలు లేకపోతే' అన్న ముక్క ఒక్కటే విన్నాడు. అక్కడే ఆయన మొహం వెలిగిపోయింది. ఆగాలి అన్న ముక్క ఫోన్లో పోయింది. ఆ తర్వాత జరిగిన దానికంతా మూలం ఆ ఫోనే అనుకోవచ్చు గాని, ఆ మాట విని ఉంటే మాత్రం ఆగేవాడా అంటే నాకు అనుమానమే.

ఆ వారమే పై ఆఫీసు నుంచి ఆయనకు కబురొచ్చింది. పద్దెనిమిది మంది ఎక్కువ, పదిహేను మంది చాలు, ఎవరా ముగ్గురో శాస్త్రీయంగా తేల్చండి అని. ముగ్గుర్ని తీసెయ్యడం ఉదయ్ భాస్కర్‌కు కొత్త కాదు. శాస్త్రీయంగా అన్నదే కొత్త. సాయంత్రం చలపతిరావుగారిని కాఫీకి తీసుకెళ్లాడు.

"సార్, మీరు ఇవాళ చెప్పింది బావుల గురించి కాదు సార్. హ్యూమన్ పొటెన్షియల్ గురించి!"

"బావుల గురించేనండీ," అన్నాడు చలపతిరావుగారు.

"మొదటి రోజు మనిషికి నాలుగు టికెట్లు ఇద్దాం. రెండో రోజు ఎనిమిది. తర్వాత పన్నెండు, పదహారు. నాలుగు చుక్కలు, ఒక గీత. లంచ్, లీవు, ట్రాఫిక్, ఇంటి నుంచి ఫోన్లు... ఇదంతా అడ్డుపడే ఒత్తిడే కదా సార్? అది జీరో అయితే మనిషి ఎంత ఇస్తాడో తేలిపోతుంది. కింద మీ సంతకం."

"ప్రతి మెట్టు దగ్గరా ఆగాలండీ మరి. మనిషి కొత్త పనికి అలవాటు పడి స్థిరపడాలంటే నెలైనా..."

"మన స్ప్రింటే, అంటే ఒక విడత పని మొత్తమే రెండు వారాలు సార్. మనుషులు బావులకంటే ఫాస్ట్‌గా సెటిలవుతారు లెండి. మీరు చీఫ్ సైంటిఫిక్ అడ్వైజర్. లాబీలో స్క్రీన్ మీద మీ ఫోటో వేయిస్తాను."

ఇక్కడ చలపతిరావుగారు కుదరదు అనాల్సింది. అనలేదు. ముప్పై నాలుగేళ్లలో ఆయన ఫోటో స్క్రీన్ మీద పడింది లేదు. రిటైరయిన రోజున తీసిన గ్రూపు ఫోటోలో కూడా పూలదండ మొహానికి అడ్డం పడింది. పుణ్యవతిని ఒకసారి లాబీకి తీసుకొచ్చి చూపించాలని ఆయనకు అప్పటికప్పుడు అనిపించింది. "సరే, రోజుకొక మెట్టు చేసి చూద్దాం లెండి," అన్నాడు. అంతటితో ఆగకుండా గీత ఏ కాగితం మీద గీస్తే తిన్నగా వస్తుందో కూడా తనే చెప్పాడు. అక్కడే ఇంకొక పని కూడా జరిగిపోయింది. ఇన్ని రిపోర్టులకు సార్ సంతకం కోసం ఎదురుచూడటం ఎందుకని, ఆయన సంతకాన్ని స్కాన్ చేసి సిస్టంలో పెట్టించేశాడు ఉదయ్ భాస్కర్. టికెట్ మూయగానే అది దానంతట అదే పడుతుంది. పెద్దాయనకు అదీ గౌరవంగానే తోచింది.

కొలత మొదలైంది. నాలుగు రోజులు తొమ్మిదో అంతస్తులో టీ మెషీను ముందు మనిషి కనబడలేదు. అందరికంటే ముందు నిలిచినవాడు సాయిచంద్, ఈ కొండాపూర్‌లోనే పుట్టి పెరిగిన కుర్రాడు. గీత పొడిగిస్తే అతని ఓపెన్ ఫ్లో రోజుకు నలభై ఒక్క టికెట్లని తేలింది. చలపతిరావుగారు ఆశ్చర్యపోయి అతని దగ్గరికి వెళ్లాడు.

"ఎలా చేశావయ్యా?"

"ఏముంది సార్, ఒక్క టికెట్‌ను నాలుగు ముక్కలు జేసి నాలుగు మూసిన. నిజం జెప్పాల్నంటే నేను బావిని సూడలే సార్. టికెట్‌నే సూసిన."

అందరికంటే వెనక ఉన్నది ఉమాశ్రీ. మొదటి రోజు నాలుగు మూసింది, రెండో రోజు ఐదు, మూడో రోజు ఐదు. నాలుగో రోజు సున్నా. ఆ రోజు ఆమెకు వచ్చిన మొదటి టికెట్ ఏడో నంబరు బావి. అప్పటికి అక్కడ వాల్వు నాలుగోసారి తెరిచి ఉన్నారు. ఒత్తిడి ఇంకా దిగుతోంది. ఒక గంటకు ఒక గీటు, ఇంకో గంటకు అర గీటు. అది ఆగేదాకా మూయనని ఆమె కూర్చుంది. ఉదయ్ భాస్కర్ ఆమె వెనక నిలబడి, ఇంకా ఎంతసేపు అన్నాడు. "బావికే తెలియాలండి," అంది ఉమాశ్రీ. ఆయన అప్పటికప్పుడు ఆ టికెట్ తీసి సాయిచంద్‌కు ఇచ్చాడు. సాయిచంద్ నాలుగు మెట్లలోనూ మొదటి గంట అంకెలు తీసుకుని, గీత గీసి, అరగంటలో మూసేశాడు. చలపతిరావుగారి సంతకం కింద చక్కగా పడి రిపోర్టు సముద్రం దాటింది.

మంగళవారం నాడు మనుషుల రిపోర్టు ఆయన బల్ల మీదికి వచ్చింది. ఇది మాత్రం స్వహస్తాలతో సంతకం చెయ్యాలట. ఆఖరున మూడు పేర్లున్నాయి. పైన ఉమాశ్రీ పేరు చూసి ఆయన అక్కడే ఆగిపోయాడు. మిగతా రెండూ చదివాడో లేదో తెలియదు. పక్కనే ఇంకో కాగితం ఉంది. ఆయన ఒప్పందాన్ని మరో ఏడాది పొడిగిస్తున్నట్టు. రెండింటినీ ఒకే క్లిప్పుతో కలిపి పెట్టారు. అది పొరపాటున జరగలేదని తెలుసుకోలేనంత అమాయకుడేం కాదు ఆయన.

ఆ మధ్యాహ్నం ఉమాశ్రీ వచ్చి ఆయన బల్ల పక్కన నిలబడింది.

"లిస్టులో నా పేరుందని అందరూ అనుకుంటున్నారండి."

"ఇంకా సంతకం పెట్టలేదమ్మా."

"నాకిప్పుడు ఐదో నెలండి. మా ఆయన జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీలో షిఫ్టులకు వెళ్తారు. ఈ పొట్టేసుకుని ఇప్పుడు ఇంటర్వ్యూకి వెళ్తే కుర్చీ అయితే వేస్తారు, ఉద్యోగం ఎవరిస్తారండి? నేను తప్పు చేసుంటే తీసెయ్యండి. మీరు నేర్పినట్టే చేశాను."

చలపతిరావుగారు చూస్తానన్నాడు. ఇంటికెళ్లి పుణ్యవతికి చెప్పుకున్నాడు. ఆవిడ పప్పు కడుగుతూ అంతా వింది.

"ఇంతకీ ఆ కొలత సరైనదేనా?"

"సరైనది కాదనుకో. అందుకే కింద ఒక మాట రాసి సంతకం పెడదామని... మెట్టుకూ మెట్టుకూ మధ్య తగినంత వ్యవధి లేదు అని."

"సరిగ్గా లేదని మీరే రాసి, కింద మీరే సంతకం పెడతారా? మీరు చదివిన చదువులో అలా ఉంటుందేమో. మాకు తెలీదు బాబూ," అని ఆవిడ కుక్కర్ మూత పెట్టింది.

అయినా ఆయన అదే చేశాడు. బుధవారం పొద్దున సంతకం పెట్టి, దాని కింద చిన్న అక్షరాలతో ఆ వాక్యం రాశాడు. రెండో కాగితం మీదా పెట్టాడు. తన బాధ్యత తను నెరవేర్చానని, పై ఆఫీసులో తెలివైనవాడెవడైనా ఆ వాక్యం చదివి ఆపేస్తాడని తనకు తాను చెప్పుకున్నాడు. ఆ వాక్యం పై ఆఫీసుకు చేరనే లేదు. ఫారంలో సంతకం పైన రాసింది మాత్రమే వెళ్తుంది.

శుక్రవారం పదకొండు గంటలకు క్లయింటుతో వీడియో కాల్. గదిలో ఉదయ్ భాస్కర్, చలపతిరావుగారు, నలభై ఒక్క టికెట్ల హీరో కనక సాయిచంద్ కూర్చున్నారు. స్క్రీను వెలిగింది. అవతల గల్ఫ్‌లో ఒక గదిలో నెరిసిన మీసాలు, మెడకు మఫ్లరు. ఏసీ ఎక్కువైందేమో. చలపతిరావుగారు కుర్చీలో ముందుకు జరిగాడు.

"రామబ్రహ్మం! నువ్వేంటి అక్కడ?"

"రిటైరయ్యాక వీళ్లు పిలిచారు చలపతీ. నిన్ను పిలిచినట్టే." పదకొండేళ్లు ఒకే బావి పక్కన ఒకే డేరాలో పడుకున్న మనుషులు వాళ్లు. ఉదయ్ భాస్కర్ ఆనందానికి హద్దు లేదు. క్లయింటు మనవాడే అని సాయిచంద్ వైపు చూసి కన్ను గీటాడు.

"ఏడో బావి రిపోర్టు చూశాను," అన్నాడు రామబ్రహ్మం. "చాలా పెద్ద అంకె వచ్చింది. వేరేవాళ్లది అయితే నమ్మేవాణ్ని కాదు. కింద నీ సంతకం చూసి, ఇక అడిగేదేముందని పైపుకు ఆర్డరు పెట్టమన్నాను. ఇందాక కాగితాలు మళ్లీ తిరగేస్తుంటే ఒక సందేహం వచ్చింది. నాలుగో మెట్టు దగ్గర ఎంతసేపు ఆగారు?"

చలపతిరావుగారు ముందున్న ల్యాప్‌టాప్‌లో ఆ రిపోర్టు తెరిచి, అంకెల పక్కనున్న గంటలు చూశాడు. అదే తెర మీద చిన్న గడి ఒకటి వెలిగింది. 'స్టెబిలైజ్ అయింది అనండి సార్' అని ఉదయ్ భాస్కర్ పక్క కుర్చీలోంచే టైపు చేశాడు. ఆయన పలకకపోయేసరికి ఇంకొకటి వచ్చింది. 'లేదా సంతకం సిస్టం పెట్టింది, మీకు తెలీదు అనండి.'

రెండోది నిజం కూడా. అలా అనేస్తే ఆయన పేరుకు మచ్చ రాదు. చలపతిరావుగారు ఆ గడి వైపు చాలాసేపు చూశాడు. జీవితంలో అంత సిగ్గు ఆయనకెప్పుడూ వెయ్యలేదు.

"ఆగలేదు రామబ్రహ్మం. మొదటి గంట అంకెలే అన్నీ."

"సంతకం నీదేనా?"

"నాదే."

అవతల మనిషి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకుని, "అక్కడ ఆగినవాళ్లు ఒక్కరైనా ఉన్నారా?" అన్నాడు.

"ఒక అమ్మాయి ఉంది. ఆగిందని ఇవాళ ఉద్యోగంలోంచి తీసేస్తున్నాం. ఆ కాగితం మీదా సంతకం నాదే."

ఉదయ్ భాస్కర్ దగ్గాడు. నెట్‌వర్క్ సరిగ్గా లేనట్టుందని అన్నాడు. బాగానే ఉంది, ఆ అమ్మాయిని పిలవండి అన్నాడు రామబ్రహ్మం.

ఉమాశ్రీ నోటుపుస్తకంతో వచ్చింది. టికెట్ తన దగ్గర్నుంచి తీసేసినా, బావిని ఇంకా మూయలేదు కనక అంకెలు వస్తూనే ఉన్నాయి. ఆమె రాసుకుంటూనే ఉంది. టికెట్ తీసేసిన మూడో రోజు పొద్దున ఒత్తిడి నిలబడిందట. ఆమె అంకెలు చదివింది. గీత మళ్లీ గీశారు. సాయిచంద్ చెప్పిన దాంట్లో మూడో వంతు వచ్చింది. రామబ్రహ్మం అప్పుడే ఫోను తీసి, పైపు ఆర్డరు ఆపమని ఎవరికో చెప్పాడు. తర్వాత ఇటు తిరిగి, ఇకనుంచి తనకు వచ్చే ప్రతి రిపోర్టు మీదా ఈ అమ్మాయి సంతకమే ఉండాలన్నాడు. చలపతిరావుగారి పేరు ఎత్తలేదు. కాల్ ముగించేముందు వస్తానని కూడా ఆయనతో అనలేదు.

ఉదయ్ భాస్కర్ తేరుకోవడానికి నాలుగు నిమిషాలు పట్టింది. మధ్యాహ్నానికల్లా అందరికీ మెయిల్ వచ్చింది. 'ఆగడం' అనేది ఇవాళ్టి నుంచి కంపెనీ ప్రధాన విలువల్లో ఒకటి, ఎవరెంతసేపు ఆగారో వారం వారం కొలుస్తారు, అందరికంటే ఎక్కువ ఆగినవారికి బహుమతి.

"ఇగ ఆగుడు గూడ టార్గెటేనంట సార్," అన్నాడు సాయిచంద్, కుర్చీలో వెనక్కి వాలి. "నేనైతే అన్నం తిన్నకాన్నుంచి ఆగుతనే ఉన్న."

ఉమాశ్రీ ఉద్యోగం నిలబడింది. చలపతిరావుగారు ఆమె సీటు దగ్గరికి నడిచాడు. పేరు పోగొట్టుకున్నా ఒక మంచి పని చేశానన్న తృప్తి ఆయన మొహంలో ఉంది. ఇంటికెళ్లి పుణ్యవతికి ఎలా చెప్పాలో నడుస్తూనే అనుకుంటున్నాడు. ఆ అమ్మాయి ఏదైనా అంటుందేమోనని చూశాడు కూడా. మనిషన్నాక ఆ మాత్రం ఆశ ఉండదా?

"కూర్చోండి," అంది ఉమాశ్రీ. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. "పొద్దున పది గంటలకే లిస్టులో మిగతా ఇద్దర్నీ, సుష్మనూ మధుసూదన్‌నూ పిలిచి కార్డులు తీసేసుకున్నారండి. నాది మధ్యాహ్నం అన్నారు కాబట్టి నేను మిగిలాను. పదకొండింటికి కాల్ రాబట్టి."

చలపతిరావుగారు కూర్చున్నాడు.

"నా బావి కోసం నేనాగాను. వాళ్ల కొలతకు ఎవరాగారండీ?"

ఆవలి వరసలో రెండు కుర్చీలు బల్లలకు ఆనించి ఉన్నాయి. కంప్యూటర్లు అప్పటికే తీసుకెళ్లిపోయారు.

చలపతిరావుగారు లేచి తిన్నగా ఉదయ్ భాస్కర్ గదిలోకి వెళ్లాడు. మనుషుల రిపోర్టు మీద తన సంతకం వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాడు. సిస్టంలో అలాంటి ఆప్షన్ లేదు సార్ అన్నాడు ఉదయ్ భాస్కర్, నిజంగానే బాధపడుతున్నట్టు. అయితే కాగితం ఇవ్వండి రాసిస్తానన్నాడు పెద్దాయన. మనది పేపర్‌లెస్ ఆఫీసు సార్.

"రాసి పై ఆఫీసుకు నేనే పంపుతాను."

"అది పంపితే మీ రెన్యువల్ నేను కాపాడలేను సార్."

"కాపాడమని నేనడగలేదండీ."

వెనక్కి వచ్చి ఉమాశ్రీ నోటుపుస్తకంలోంచి ఒక కాగితం అడిగి చింపించుకున్నాడు. ఈ ముగ్గురి కొలతా చెల్లదని, స్థిరపడేదాకా ఆగకుండా తీశామని, తప్పని తెలిసే తను సంతకం పెట్టానని రాశాడు. ఈసారి పెద్ద అక్షరాలతో, సంతకానికి పైనే రాశాడు. తీసేసినవాళ్లు ఎవరో స్పష్టంగా ఉండాలి కదా అని పేర్లు రాయబోయి ఆగాడు.

"మధుసూదన్ ఇంటిపేరేంటమ్మా?"

ఉమాశ్రీ చెప్పింది. రాసుకున్నాడు.

"సుష్మ అంటే... కిటికీ పక్కన కూర్చునే అమ్మాయా?"

"కాదండి. మీ ఎదురుగా కూర్చునేది. మొదటి వరసలో."

ఆయన కలం పట్టుకుని అలాగే ఉండిపోయాడు. రెండేళ్లు తన ఎదురుగా కూర్చుని పాఠం విన్న పిల్ల ముఖం, ఎంత ఆలోచించినా ఆయనకు గుర్తు రాలేదు.